నాలుగు గీతలుంటాయి, నెట్ ఉండదు

నెట్ నెమ్మదిగా ఉంటే బతకొచ్చు. ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని నెట్‌తోనే తంటా. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి “మీ దిక్కు నెట్ స్లో గదా” అనేవాళ్లతో నాకెప్పుడూ పేచీయే, ఎందుకంటే రెండూ అనుభవించినవాణ్ని. కొన్నేళ్లు అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో ఒక కాంట్రాక్టర్ ఆఫీసులో లెక్కలు రాశాను. (ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. నా నోటికి మాత్రం పాతదే వస్తుంది.) ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ దగ్గర మా పల్లెలోనే ఉండి చుట్టుపక్కల దుకాణాలకు, అచ్చంపేటలో కొందరు వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేసి పెడుతుంటాను. అక్కడ చుట్టూ సముద్రం, ఇక్కడ చుట్టూ నల్లమల. వేగం చూస్తే ఇక్కడిదే ఎన్నో రెట్లు మెరుగు. అయినా నెట్ మూలంగా నిద్ర చెడగొట్టుకున్నది మాత్రం ఇక్కడే.

అండమాన్‌లో నీకేం పని అని మా ఊళ్లో ఎవరూ అడగలేదు. మట్టిపనికీ కాలువల పనికీ పాలమూరు జనం పోని చోటు లేదు కాబట్టి, నేను దాని పక్కనే లెక్కల పుస్తకం పట్టుకుని పోయాననుకున్నారు. పోయి చూస్తే అక్కడ తెలుగుకు కొదవ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో వందలో పదమూడు మంది మాతృభాష తెలుగే. ఎక్కువమంది ఉత్తరాంధ్ర వైపు నుంచి వెళ్లినవాళ్లు. వాళ్ల యాస నాకు, నా యాస వాళ్లకు అలవాటు కావడానికి కొంత టైం పట్టింది గానీ, నెట్ గురించి తిట్టుకోవడంలో మొదటి రోజే కలిసిపోయాం.

అప్పట్లో ఆ దీవులకు నెట్ ఉపగ్రహం మీదుగానే వచ్చేది. అది భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఇక్కడి నుంచి ఒక సంకేతం పైకి పోయి మళ్లీ కిందికి దిగడానికి పావు సెకను పడుతుంది. జవాబు కూడా అదే దారిన రావాలి కాబట్టి అడగడానికీ అందుకోవడానికీ కలిపి అర సెకను. అర సెకనే కదా అనిపిస్తుంది. కానీ ఒక వెబ్‌సైట్ తెరుచుకునేలోపు మన బ్రౌజరుకూ అవతలి సర్వరుకూ మధ్య ఇలాంటి రాకపోకలు ఎన్నో జరుగుతాయి. ముందు చిరునామా కనుక్కోవాలి, తర్వాత పలకరించుకోవాలి, రహస్యంగా మాట్లాడుకోవడానికి తాళాలు మార్చుకోవాలి, ఆ తర్వాత ఒక్కొక్క బొమ్మా ఒక్కొక్క ఫైలూ అడిగి తెచ్చుకోవాలి. పైగా ఉన్న కాస్త బ్యాండ్‌విడ్త్‌నే ఇళ్లూ, ఆఫీసులూ, హోటళ్లకొచ్చే టూరిస్టులూ అందరూ పంచుకోవాలి. పగటిపూట ఒక మెయిల్ తెరవడానికే ఓపిక కావాలి.

కానీ ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ప్యూన్‌కు తెలుసు, పెద్దాఫీసరుకూ తెలుసు. బ్యాంకులో “నెట్ లేదు, రేపు రండి” అంటే మనల్ని తరిమేయడానికి చెబుతున్నాడని ఎవరూ అనుకోరు, ఆయన ఇంట్లోనూ అదే బాధ. చెన్నైలో ఉన్న మా హెడ్డాఫీసు వాళ్లు కూడా పెద్ద ఫైలు పంపమని అడిగేవాళ్లు కాదు. ఎవరైనా విమానంలో వస్తున్నారంటే చాలు, వాళ్ల బ్యాగులో మూడు నాలుగు ఇళ్ల హార్డ్ డిస్కులు, పెన్ డ్రైవులు ఉండేవి. డ్రాయింగులు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, పిల్లల పాఠాలు, సినిమాలు అన్నీ అలాగే చేరేవి. ఇంటి నుంచి నాకు పల్లి చట్నీ పొడి రావడమూ, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రావడమూ ఒకే సంచిలో జరిగింది.

నెమ్మదితనం అక్కడ ఉమ్మడి ఆస్తి. ఎవరి ఒక్కరి తప్పూ కాదు కాబట్టి పనులన్నీ దాని చుట్టూ సర్దుకున్నాయి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు మా ఆఫీసులో అందరం బెంబేలెత్తాం. అంతకుముందు ఎప్పుడో ఒకసారి ఆన్‌లైన్ పని పడితే, ఇప్పుడు నెలనెలా పడుతోంది. చేసిందేమిటంటే, పగలంతా ఇన్‌వాయిస్‌లు టాలీలో ఎక్కించుకోవడం, జీఎస్టీ వాళ్లే ఇచ్చిన ఆఫ్‌లైన్ టూల్‌లో రిటర్ను మొత్తం తయారుచేసి ఒక చిన్న ఫైలుగా మార్చుకోవడం, జనం పడుకున్నాక ఆ ఒక్క ఫైలునూ ఎక్కించడం. నెట్ నెమ్మదే, కానీ ఆ వేళకు కచ్చితంగా ఉండేది. ఎంతసేపు పడుతుందో అంచనా ఉండేది. అంచనా ఉంటే మనిషి స్నానం చేసి రావచ్చు, అన్నం తినొచ్చు.

నేను వచ్చేశాక అక్కడ పరిస్థితి మారిపోయింది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ లాంటి దీవులకు సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశారు. 2018 డిసెంబర్ 30న శంకుస్థాపన, 2020 ఆగస్టు 10న ప్రారంభం, ఖర్చు సుమారు 1,224 కోట్లు. చెన్నై, పోర్ట్ బ్లెయిర్ మధ్య 200 జీబీపీఎస్ చొప్పున రెండు జతల లైన్లు. పైకెక్కి దిగిన ఆ పావు సెకను ఇప్పుడు గాజు తీగలో సెకనులో వందో వంతు కూడా కాదు. ఇది తెలిసిన రోజు, నిజం చెప్పొద్దూ, కొంచెం కడుపు మండింది.

కేబుల్ వచ్చిందంటే కష్టాలన్నీ తీరినట్టు కాదనుకోండి. 2022 జనవరి 15న టోంగా దేశంలో సముద్రగర్భ అగ్నిపర్వతం పేలి, ఫిజీకి వెళ్లే ఒకే ఒక్క కేబుల్ తెగింది. దాన్ని బాగుచేసే ఓడ పపువా న్యూగినీ నుంచి రావాల్సి వచ్చింది. మళ్లీ కలిసేసరికి ఫిబ్రవరి 22 అయింది. ఒక్క తీగ మీద బతికే చోటు ఏదైనా అంతే, అది పసిఫిక్‌లో ఉన్నా, మా ఊరిలా ఘాటు రోడ్డు పైన ఉన్నా.

ఇక మా దగ్గరి సంగతి. ఫోన్ తీస్తే నాలుగు గీతలూ నిండుగా కనిపిస్తాయి. పక్కన 4జీ అనో, టవర్‌కు మరీ దగ్గరైతే 5జీ అనో రాసి ఉంటుంది. స్పీడ్ టెస్ట్ పెడితే పొద్దున్న ఆరింటికి హైదరాబాద్‌తో సమానంగా చూపిస్తుంది. పదింటికి మెయిల్ పోదు. సాయంత్రం గాలి లేస్తే గీతలు అలాగే ఉంటాయి, లోపల మాత్రం సున్నా. ఆ గీతలు మన ఫోనుకూ టవర్‌కూ మధ్య సంబంధం ఎంత గట్టిగా ఉందో మాత్రమే చెబుతాయి. టవర్ వెనక ఏముందో చెప్పవు. పల్లెల్లో చాలా టవర్లకు ఫైబర్ ఉండదు, గుండ్రటి మైక్రోవేవ్ డిష్ ద్వారా ఇంకో టవర్‌తో, అది మరో టవర్‌తో మాట్లాడుతుంది. ఆ వరుసలో ఎక్కడ ఇరుకైనా, ఎక్కడ కరెంటు పోయినా వెనకున్న ఊళ్లన్నీ ఆగిపోతాయి. ఇంటి ముందు కొత్త నల్లా మెరుస్తూ ఉంటుంది, ట్యాంకులో నీళ్లుండవు, అలాంటిదన్నమాట.

కరెంటు సంగతి వేరే చెప్పక్కర్లేదు. టవర్ కింద బ్యాటరీలు ఉంటాయి, పాతబడ్డ బ్యాటరీ కొంతసేపే లాగుతుంది, ఆ తర్వాత జనరేటర్‌లో డీజిల్ ఉంటే ఉన్నట్టు. ఫైబర్ ఉన్న చోట జేసీబీ శత్రువు. రోడ్డు వెడల్పు, పైపులైను, మురికి కాలువ, ఏ పని మొదలైనా మొదట తెగేది అదే. తవ్వే ముందు అడగండి అంటూ కేంద్రం 2023 మార్చిలో ఒక యాప్ కూడా తెచ్చింది. మా రోడ్డు మీద జేసీబీ నడిపే పిల్లగాడిని దాని గురించి అడిగితే, “అన్నా, తవ్వకముందు అడిగితే తవ్వనిస్తరా?” అన్నాడు. అతని లాజిక్‌కు నా దగ్గర జవాబు లేదు.

అడవి ఇంకో లెక్క. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో టవర్ వేయాలన్నా, తీగ లాగాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. కావాలి కూడా, నేను కాదనను. మన్ననూర్ చెక్‌పోస్టు దాటి శ్రీశైలం రోడ్డు మీద పోతుంటే ఫోన్ మూగబోయినప్పుడు టూరిస్టులు “అబ్బ, ప్రశాంతంగా ఉంది” అంటారు. వాళ్లకది అరగంట ప్రశాంతత. లోపల పెంటల్లో, అంటే అడవి గూడేల్లో ఉండే చెంచులకు అంబులెన్సుకు ఫోన్ చేయాలంటే ముందు సిగ్నల్ ఉన్న చోటు దాకా ఒక మనిషి నడవాలి.

అన్నిటికంటే నన్ను కోపానికి గురిచేసేది నెట్ పోవడం కాదు, అది పోయిందని ఎవరూ ఒప్పుకోకపోవడం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే “మీ ఏరియాలో నెట్‌వర్క్ బాగానే చూపిస్తోంది సార్, ఒకసారి ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి” అంటారు. కంపెనీ పేరు చెప్పను, అన్నీ అదే మాట చదువుతాయి. మ్యాపులో మా ఊరి మీద రంగు పూసి ఉంటుంది కాబట్టి ఇక్కడ నెట్ ఉన్నట్టే లెక్క. అప్పుడు పని కాకపోతే అది నా ఫోన్ తప్పు, నా బద్ధకం, నేను ఆఖరి రోజు దాకా ఆగడం. పోర్ట్ బ్లెయిర్‌లో “నెట్ లేదు” అంటే అదొక కబురు. ఇక్కడ ఆ మాట అంటే సాకు.

ఈ తేడా ఎవరి మీద పడుతుందో రేషన్ దుకాణం దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఒకసారి నేనూ ఆ వరుసలోనే ఉన్నాను. వేలిముద్ర తీసుకునే ఈ-పాస్ మిషన్‌కు దుకాణంలో సిగ్నల్ అందట్లేదని డీలరు దాన్ని తీసుకుని నీళ్ల ట్యాంకు మెట్ల మీదికి ఎక్కాడు. అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా, పైన చిన్న తెర, దాని కింద వేలు పెట్టే గాజు ముక్క. ముందు ట్యాంకు దగ్గర వేలిముద్ర, తర్వాత దుకాణంలో బియ్యం, అదీ ఆ రోజు పద్ధతి. నా ముందున్న అవ్వ బొటనవేలు కొంగుతో తుడుచుకుంది, తర్వాత పాపిట మీద ఒకసారి రుద్దుకుంది, నూనె అంటితే ముద్ర బాగా పడుతుందని. పెట్టింది. తెర మీద గుండ్రంగా తిరగడం మొదలైంది.

“ఏమాయె బిడ్డా, ఇంకా తిరుగుతనే ఉన్నదా?”

“జర ఆగు అవ్వా, అందుకుంటున్నది.”

“పొద్దుగాల్నుంచి ఆగుతనే ఉన్న గదా.”

అందుకోలేదు. మళ్లీ వేలు, మళ్లీ తిరగడం. ఆమె చెయ్యి మెట్టు అంచు మీద పెట్టుకుని నిలబడింది. వరుసలో ఒకాయన “అవ్వ వేలు అరిగిపోయింది, పడదు” అన్నాడు. చూడండి, నెట్ తప్పు అవ్వ వేలి మీదికి పోయింది. నాట్లు వేసీ కలుపు తీసీ వేలి గీతలు అరిగిన మాట నిజమే కావచ్చు, కానీ ఆ రోజు తిరుగుతున్నది ఆమె వేలు కాదు. ఆ మిషన్ ముద్ర తీసుకుని, లోపల దాచుకుని, సిగ్నల్ దొరికినప్పుడు పంపేలా ఎందుకు లేదు? మోసం జరుగుతుందనేగా? ప్రతి నెలా వచ్చే ఒక ముసలావిడ బియ్యం విషయంలో అంత అనుమానం ఉన్న వ్యవస్థకు, తన టవర్ మీద మాత్రం ఏ అనుమానమూ లేదు.

పత్తి రైతుదీ ఇదే కథ. 2025 సీజన్ నుంచి మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకుని స్లాట్ బుక్ చేసుకోవాలి. వరుసలో రోజుల తరబడి బండ్లు నిలబడే బాధ తప్పించడానికి తెచ్చారు, ఆలోచన మంచిదే. కానీ స్లాట్ అనేది ముందొచ్చినవాడికే దొరుకుతుంది. కల్వకుర్తిలో ఇంటర్నెట్ సెంటర్ పక్కన ఉన్నవాడికీ, గుట్ట వెనక తండాలో ఉన్నవాడికీ ఆ “ముందు” అనేది ఒకేలా ఉండదు. పొడుగు పింజ పత్తికి ఆ ఏడు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. ఆరబెట్టిన పత్తి ఇంట్లో పెట్టుకుని స్లాట్ కోసం చూస్తుంటే ఒక వాన చాలు. మా పక్కింటి కాక స్లాట్ కోసం కొడుకును అచ్చంపేటలో చుట్టాల ఇంట్లో ఉంచాడు. ఘాటు కింద ఉన్న నెట్ కోసం ఒక మనిషిని కేటాయించాల్సి వచ్చింది. ఆ కూలి ఎవరు లెక్కేస్తారు?

కరోనా కాలంలో ఒక మంచి పని జరిగింది, దాన్ని జనం మరిచిపోయారు. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో సర్కారు బడి పిల్లలకు పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ చదువుల చానల్ టీ-శాట్‌లో వేశారు. ఫోన్లో జూమ్ క్లాసు పెట్టి ఉంటే మా పిల్లల్లో సగం మంది సిగ్నల్ కోసం చెట్లెక్కేవాళ్లు. టీవీ ఉన్న ఇంట్లో పాఠం ఆగకుండా వచ్చింది. ఎదురు ప్రశ్న అడిగే వీలు లేదు, నిజమే. కానీ పాఠం మధ్యలో టీచర్ ముఖం బిగుసుకుపోలేదు. ఎక్కడ ఏ దారి నిలబడుతుందో చూసి ఆ దారిన పంపారు. ఆ తెలివి కరోనా కాలానికే పరిమితం కావడమే నాకు అర్థం కాదు.

సరే, నేనెలా నెట్టుకొస్తున్నానో కూడా చెప్పాలి, చాలామంది అడుగుతారు. మొదటి సూత్రం అండమాన్‌దే: పని వేరు, పంపడం వేరు. పని మొత్తం నెట్ లేకుండా జరగాలి. టాలీ నా కంప్యూటర్‌లోనే ఉంటుంది. మెయిళ్లు బ్రౌజర్‌లో చూడను, అన్నిటినీ కంప్యూటర్‌లోకి దించుకునే ప్రోగ్రాం పెట్టుకున్నాను. జవాబులు రాసి పెడితే సిగ్నల్ దొరికినప్పుడు అవే పోతాయి. వ్యాపారులకు ఒకటే మాట చెప్పాను: బిల్లులు ఫొటో తీసి వాట్సాప్‌లో వేయకండి, పేపర్లే పంపండి. అచ్చంపేట బస్సు కండక్టర్లు, పాల వ్యాన్ డ్రైవర్లు నా సర్వర్లు. ఒక్కరోజు కూడా డౌన్ కాలేదు. వాళ్ల ఋణం దసరాకు ఎంత ఇచ్చినా తీరదు.

రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకోవాలని అందరూ చెబుతారు. కానీ ఆ రెండు కంపెనీలూ ఒకే టవర్ మీద డబ్బాలు బిగించుకుని ఉంటే కరెంటు పోయినప్పుడు రెండూ కలిసే పోతాయి. కాబట్టి రెండో సిమ్ కొనేముందు ఆ కంపెనీ సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో మేడ మీద తిరిగి చూసుకోవాలి. నా రెండో సిమ్ మన్ననూర్ వైపు కిటికీ దగ్గర మాత్రమే పనిచేస్తుంది. పాత ఫోన్ ఒకటి ఆ కిటికీకే కట్టేసి, హాట్‌స్పాట్ పెట్టి వదిలేశాను.

పెద్ద ఫైలు దించుకోవాల్సి వస్తే, మధ్యలో తెగినా ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టే డౌన్‌లోడ్ ప్రోగ్రాం తప్పనిసరి. లేకపోతే తొంభై శాతం దాకా వచ్చి పోయిన ఫైలు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మా అమ్మాయి చదువుకు కివిక్స్ అనే యాప్‌లో తెలుగు వికీపీడియా మొత్తం దించి పెట్టాను. లక్షకు పైగా వ్యాసాలు, నెట్ లేకున్నా తెరుచుకుంటాయి. ఆమె దాన్ని వాడుతుందా అంటే, ఎక్కువగా క్రికెటర్ల పేజీలు చదువుతోంది.

డబ్బు పంపడం దగ్గర నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. ఇంటర్నెట్ లేకుండా కూడా *99# నొక్కి 5,000 రూపాయల దాకా పంపవచ్చు. ఆ సదుపాయం 2014 నుంచి దేశమంతా ఉంది. మామూలు డబ్బా ఫోన్‌లకు యూపీఐ 123పే 2022 మార్చిలో వచ్చింది. ఈ రెండింటి గురించి మా దుకాణాల్లో ఒక్క స్టిక్కర్ కూడా చూడలేదు, క్యూఆర్ కోడ్‌లైతే గోడ పట్టనన్ని. *99# వాడేది ఫోన్ కాల్స్ నడిచే దారినే. డేటా చచ్చినా ఆ సన్నటి దారి చాలాసార్లు బతికే ఉంటుంది. ఎస్సెమ్మెస్ కూడా అంతే.

ఆ సన్నటి దారిలో ఎంత పడుతుందో ఒక లెక్క చెబుతాను. రోజువారీ డేటా అయిపోయాక కంపెనీలు వేగాన్ని 64 కేబీపీఎస్‌కు, అంటే సెకనుకు 8 కేబీకి తగ్గిస్తాయి కదా, ఆ వేగమే తీసుకోండి. తెలుగు అక్షరం సంకేతం ఒక్కొక్కటి కంప్యూటర్‌లో మూడు బైట్లు. మీరు చదువుతున్న ఇంత పొడుగు వ్యాసం ఉత్త పాఠంగా చూస్తే అరవై డెబ్బై కేబీ దాటదు, పది సెకన్లలోపు వచ్చేస్తుంది. ఈ రోజుల్లో ఒక సగటు వెబ్ పేజీ బరువు 2 ఎంబీ పైనే. అది రావడానికి నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది, అదీ మధ్యలో తెగకపోతే. ఆ నాలుగు నిమిషాల్లో మనకు కావాల్సిన సమాచారం పది వాక్యాలు, మిగిలింది కదిలే బొమ్మలూ, మంత్రిగారి ఫొటోలూ, మనం ఎక్కడ నొక్కుతున్నామో గమనించే ప్రోగ్రాములూ. అంటే నెట్ నెమ్మదిగా ఉండటం సగమే కారణం. మిగతా సగం అవతల కూర్చుని ఆ పేజీ కట్టినవాడిది. వాడి టేబుల్ కింద ఫైబర్ ఉంది.

ఇంకోలా కట్టవచ్చని ప్రభుత్వమే చూపించింది. 2020 జూన్ నుంచి, ఆ నెల వ్యాపారమేమీ లేని డీలరు జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ రిటర్నును ఎస్సెమ్మెస్‌లో వేయవచ్చు. 14409 నంబరుకు ఒక చిన్న మెసేజ్, తిరిగి ఒక కోడ్, ఆ కోడ్‌తో ఇంకో మెసేజ్, పని అయిపోయింది. ప్రభుత్వానికి వేసే పన్ను రిటర్ను ఒక మెసేజ్‌లో పడుతోందంటే, పింఛను ధ్రువీకరణ ఎందుకు పట్టదు? పత్తి స్లాట్ ఎందుకు పట్టదు? నేను పోర్ట్ బ్లెయిర్‌లో వాడిన ఆఫ్‌లైన్ టూల్ కూడా ప్రభుత్వం ఇచ్చిందే. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి హాజరు ఫొటోలు యాప్‌లోనే తీయాలన్నారు, దానిలో కూడా సిగ్నల్ లేనప్పుడు తీసి తర్వాత ఎక్కించే వీలు పెట్టారు. ఆ “తర్వాత” అనే దానికి గడువు ఎంత, అది దాటితే మేస్త్రీ ఎవరి కాళ్లు పట్టుకోవాలి అనేది వేరే గొడవ. వీలు మాత్రం పెట్టారు. కాబట్టి చేతకాదని నాకెవరూ చెప్పొద్దు.

ఫైబర్ వస్తుంది కదా, అప్పటిదాకా ఓపిక పట్టొచ్చు కదా అంటారు. దేశంలో రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011 అక్టోబర్‌లో ఆమోదం తెలిపింది. తర్వాత దానికే భారత్ నెట్ అని పేరు పెట్టారు. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టం కూడా వేశారు, అది నిజంగా మెచ్చుకోవాల్సిన ఆలోచన. కానీ 2011లో పుట్టిన పిల్లలు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నారు. పంచాయతీ ఆఫీసు దాకా తీగ రావడం ఒకటి, ఆ గదికి తాళం తీసి ఉండటం ఇంకొకటి, అక్కడి నుంచి ఇళ్లకు రావడం మరొకటి. స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో దేశంలో లైసెన్సు వచ్చింది. ఆ ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి కాబట్టి అండమాన్ నాటి అర సెకను బాధ ఉండదు. వస్తే నేనూ చూస్తాను, జేబు ఒప్పుకుంటే. అయితే ఏ తీగ వచ్చినా, ఏ డిష్ వచ్చినా, ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. గద్వాల దగ్గర కృష్ణ నడుమ గుర్రంగడ్డ అనే లంక ఊరుంది. వరదొస్తే వాళ్లకు పడవే దిక్కు, పడవ ఆగితే ఎవరూ వాళ్లను బద్ధకస్తులని అనరు. వరద ఉందని అందరూ ఒప్పుకుంటారు.

టౌనుకు మారిపోవచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్లకు జవాబు చెప్పను. మా అమ్మ ఇక్కడుంది, పొలం ఇక్కడుంది, ఊరు ఖాళీ చేయడం నెట్‌కు మందు కాదు.

నేను అడిగేది నిజానికి చాలా చిన్నది, వేగం కాదు. ఒక ఉదాహరణ. 2019 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు ఒక నిబంధన పెట్టింది: యూపీఐలో నా ఖాతా నుంచి డబ్బు పోయి అవతలి మనిషికి చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి, దుకాణానికి కట్టిందైతే ఐదు రోజుల్లో రావాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు బ్యాంకు నాకివ్వాలి. అదే జీఎస్టీ రిటర్ను ఇరవయ్యో తారీఖు దాటితే రోజుకు 50 రూపాయలు వ్యాపారి కట్టాలి, వ్యాపారం లేకపోతే 20. ఆ రోజు టవర్ చచ్చిందా బతికిందా అని అడిగే గడి ఆ ఫారంలో లేదు.

టవర్ చచ్చినట్టు రుజువు చేయడానికి నా దగ్గర ఏముంది? టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2024లో సేవల నాణ్యత మీద కొత్త నిబంధనలు తెచ్చింది. జిల్లా స్థాయిలో నాలుగు గంటలకు మించి నెట్‌వర్క్ పోతే కంపెనీ ట్రాయ్‌కు చెప్పాలి, 24 గంటలు దాటితే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు బిల్లులో తగ్గించాలి, ప్రీపెయిడ్ వాళ్లకు వ్యాలిడిటీ పెంచాలి. చదివి సంతోషించాను, ఆ తర్వాత “జిల్లా స్థాయిలో” అన్న చోట ఆగిపోయాను. అమ్రాబాద్, పదర మండలాలు రెండూ మూగబోయినా నాగర్‌కర్నూల్ జిల్లా మాట్లాడుతూనే ఉంటుంది. మేం పోయింది లెక్కలోకి రాదు.

కాబట్టి ఈసారి గ్రామసభలో ఒక కాగితం పెట్టాను. ప్రతి టవర్ ఏ రోజు ఏ గంట నుంచి ఏ గంట దాకా ఆగిందో కంపెనీల దగ్గర లెక్క ఎలాగూ ఉంటుంది. ఆ లెక్క నెలకోసారి పంచాయతీ ఆఫీసు బోర్డు మీద అతికించాలి. సర్పంచ్ గారు చదివి, “ఇదెవరికి పంపాలె?” అన్నారు. కలెక్టర్ ఆఫీసుకూ, ట్రాయ్‌కూ రెండు కాపీలు అన్నాను. సెక్రటరీ దాన్ని స్కాన్ చేసి మెయిల్ చేస్తానన్నాడు. నేను వద్దని, స్పీడ్ పోస్టులో పంపించాను. ఆ కాగితం బోర్డెక్కితే, వచ్చేసారి మా వ్యాపారి ఎవరికైనా లేట్ ఫీజు పడినప్పుడు దాన్ని ఫొటో తీసి అర్జీకి జతచేస్తాను.